ఒక చేత కత్తి, ఒక చేత పాప

పగ తీర్చుకోవడానికి 18 ఏళ్లు ఆగిన వీరుడి కథ 1857 నుంచి ఫ్రాన్స్‌ను వదల్లేదు. ఆ కత్తిసాము వెనుక ఉన్నది ఆస్తి, అధికారం, ఒక అనాథ పిల్ల. కంచే చేను మేసే కాలంలో కాపలా కాసేదెవరన్నది ఆ నవల వేసే ప్రశ్న.

అది 1699. ఫ్రాన్స్‌కూ స్పెయిన్‌కూ మధ్యనున్న పిరెనీస్ కొండల్లో, లూరోన్ లోయలో, కేలూస్ అనే కోట. చీకటి పడ్డాక ఆ కోట కందకంలోకి 18 ఏళ్ల యువకుడు దిగుతాడు. పేరు ఆన్రి ద లగార్దేర్. వెనకా ముందూ ఎవరూ లేని అనాథ. కత్తి పట్టడంలో మాత్రం అతణ్ని మించినవాడు లేడు. అతను వచ్చింది నెవేర్ డ్యూక్‌తో ద్వంద్వయుద్ధానికి. నెవేర్ దగ్గర ఒక రహస్య వేటు ఉంది. ఎదుటివాడి కనుబొమల నడుమ సూటిగా దిగే ఆ వేటును అడ్డుకున్నవాడు లేడని ప్రతీతి. దాని సంగతేమిటో తేల్చుకోవాలన్నది కుర్రవాడి పంతం.

అయితే ఆ రాత్రి కందకంలో వాళ్లిద్దరే లేరు. నెవేర్‌ను చంపడానికి కిరాయి కత్తుల ముఠా ఒకటి కాపు కాసి ఉంది. ఈలోగా కోట కిటికీ తెరుచుకుంటుంది. నెవేర్‌ను రహస్యంగా పెళ్లాడిన ఆ కోట యజమాని కూతురు, కింద నిలబడిన మనిషి తన భర్తే అనుకుని పసిబిడ్డను లగార్దేర్ చేతికి అందిస్తుంది. శత్రువుగా వచ్చినవాడు క్షణంలో మిత్రుడవుతాడు. నెవేర్ పక్కన నిలిచి ముఠాను ఎదుర్కొంటాడు. కానీ ముసుగు తొడుక్కున్న మనిషొకడు వెనక నుంచి నెవేర్‌ను పొడిచేస్తాడు. లగార్దేర్ ఆ హంతకుడి చేతిపై కత్తితో గాటు పెట్టి, ఎన్నాళ్లకైనా వెతుక్కుంటూ వస్తానని శపథం చేసి, పాపతో చీకట్లో కలిసిపోతాడు. ఆ శపథం ఫ్రెంచివాళ్ల నోట సామెతగా స్థిరపడింది. నవల చదవనివాళ్లకు కూడా ఆ మాట తెలుసు.

ఇదీ పాల్ ఫెవాల్ రాసిన 'లె బోసు' (గూనివాడు) నవల ప్రారంభం. పారిస్ దినపత్రిక 'లె సియెక్ల్'లో 1857 మే నుంచి ఆగస్టు దాకా సీరియల్‌గా వచ్చింది. అంతకు 13 ఏళ్ల ముందు అదే పత్రిక అలెగ్జాండర్ డ్యూమా 'త్రీ మస్కెటీర్స్'ను అచ్చువేసింది. డ్యూమా పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఫెవాల్ పేరు ఫ్రాన్స్ పొలిమేర దాటి అంతగా వెళ్లలేదు. ఈ తరహా కథలకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2023లో 'త్రీ మస్కెటీర్స్' రెండు భాగాల సినిమాగా వచ్చింది. 2024లో వచ్చిన 'కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో'కు ఒక్క ఫ్రాన్స్‌లోనే 90 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. పగ కథలకు కాలదోషం పట్టదని ఇది మరోసారి రుజువు చేసింది. అయితే ఆ కోవలో లగార్దేర్ కథది విలక్షణమైన స్థానం. మాంటె క్రిస్టో ప్రభువుకు పగ ఒక్కటే పని. లగార్దేర్‌కు పగ కంటే ముందు పాలు పట్టాల్సిన బిడ్డ ఉంది.

తెలుగు జానపద చిత్రాలు చూసి పెరిగినవారికి ఈ ఎత్తుగడ కొత్తేమీ కాదు. సేనాధిపతి రాజును చంపుతాడు. నమ్మినబంటు పసివాణ్ని అడవికి చేరుస్తాడు. పసివాడు పెరిగి పెద్దవాడై కత్తి పట్టి పగ తీర్చుకుంటాడు. నమ్మినబంటు కథ సాధారణంగా రెండో రీలుతో ముగుస్తుంది. ఫెవాల్ తన కథను ఆ నమ్మినబంటు చుట్టూ నడిపాడు. బిడ్డను మోసుకుపోయినవాడి జీవితం ఆ తర్వాత ఏమవుతుంది? ఆ 18 ఏళ్లూ అతను ఎలా బతికాడు? పెరిగిన బిడ్డను తిరిగి ఎవరికి, ఎలా అప్పగించాలి?

ముగ్గురు ఫిలిప్‌లు

హంతకుడెవరో పాఠకుడికి త్వరగానే తెలిసిపోతుంది. నవలలో ముగ్గురు ప్రాణస్నేహితులు. ముగ్గురి పేరూ ఫిలిప్పే. ఒకరు నెవేర్ డ్యూక్. రెండోవాడు అతని బంధువు గోంజాగ్ ప్రభువు. మూడోవాడు ఓర్లియాన్ డ్యూక్ ఫిలిప్. ఈ మూడో మనిషి కల్పిత పాత్ర కాదు. 14వ లూయీకి తమ్ముడి కొడుకు. 1715 నుంచి ఫ్రాన్స్‌ను రీజెంట్ హోదాలో, అంటే బాలరాజు తరఫున, పాలించిన చారిత్రక వ్యక్తి.

నెవేర్ చనిపోతే అతని ఆస్తి తనకు దక్కుతుందన్నది గోంజాగ్ లెక్క. అందుకే చంపించాడు. ఆ తర్వాత నెవేర్ భార్యనే పెళ్లాడాడు. ఆమె తండ్రి ఆ పెళ్లిని బలవంతంగా జరిపించాడు. ఆమె పేరుకే గోంజాగ్ భార్య. 18 ఏళ్లూ విధవరాలి బట్టల్లోనే, తప్పిపోయిన కూతురి కోసం ఎదురుచూస్తూ గడిపింది. లోకం దృష్టిలో మాత్రం గోంజాగ్ చాలా మంచివాడు. చనిపోయిన స్నేహితుడి భార్యకు అండ, అతని ఆస్తికి కాపలాదారు. నెవేర్‌ను చంపి బిడ్డను ఎత్తుకుపోయిన దుర్మార్గుడన్న ముద్ర లగార్దేర్ మీద పడింది.

పేర్ల ఎంపికలో ఫెవాల్ చరిత్రను తెలివిగానే వాడుకున్నాడు. కథలోని నెవేర్ డ్యూక్ కల్పితం. 1699లో అసలు ఆ బిరుదు మాన్సీనీ వంశంలో ఉంది. కానీ అంతకు ముందు ఆ ప్రాంతం నిజంగానే గోంజాగ్ వంశం చేతిలో ఉండేది. ఇటలీకి చెందిన ఆ వంశానికి 16వ శతాబ్దంలో నెవేర్ సంక్రమించిన మార్గం కూడా పెళ్లే. వారసురాలిని పెళ్లాడితే సంస్థానం చేతికొస్తుందన్నది ఆనాటి ఐరోపాలో అందరికీ తెలిసిన రాజకీయ సూత్రం. ఫెవాల్ ఆ సూత్రానికి ఒక హత్యను జోడించాడు.

నలుగురు కాపలాదారులు

'లె బోసు'ను ఉత్త కత్తియుద్ధాల కథగా చదివితే ఒక విషయం చూపు తప్పించుకుంటుంది. ఇందులో ప్రతి ముఖ్య పాత్రా ఎవరో ఒకరికి సంరక్షకుడే.

మొదటివాడు కేలూస్ కోట యజమాని. ఇంట్లో ఆడవాళ్లను గడియ వేసి కాపలా కాస్తాడని లోకం అతనికి 'గడియ' అనే అర్థం వచ్చే మారుపేరు పెట్టింది. కూతురిని కాపాడటమంటే బంధించడమేనని నమ్మిన తండ్రి అతను. రెండోవాడు గోంజాగ్. కాపాడటమంటే లెక్కలు తన చేతిలో ఉంచుకోవడమని అతని నమ్మకం. మూడోవాడు రీజెంట్. అయిదేళ్ల బాలుడి సింహాసనం, దివాలా తీసిన ఖజానా రెండూ అతని సంరక్షణలోనే ఉన్నాయి. నాలుగోవాడు లగార్దేర్. అతని చేతిలో చట్టం లేదు, ఆస్తి లేదు, కుటుంబం లేదు. ఉన్నది బిడ్డ ఒక్కటే.

ఆ బిడ్డ పేరు ఓరోర్. ఆమెతో లగార్దేర్ స్పెయిన్‌కు పారిపోతాడు. కత్తి పిడులపై నగిషీలు చెక్కి పొట్ట పోసుకుంటాడు. ఫ్రాన్స్‌లోకెల్లా గొప్ప కత్తిసాము వీరుడు కత్తులకు సింగారం చేస్తూ బతకడం ఫెవాల్ ఊహించిన చక్కటి వ్యంగ్యం. అతని పగ చల్లారలేదు. ఆ రాత్రి కందకంలో ఉన్న కిరాయి హంతకులు ఒక్కొక్కరే దొరికినప్పుడల్లా నేలకొరుగుతుంటారు. ఒక్కొక్కరి కనుబొమల నడుమ ఒకే గుర్తు. అదే నెవేర్ వేటు. కానీ అసలు హంతకుడి దాకా వెళ్లడానికి లగార్దేర్ ఆగుతాడు. ఎందుకంటే తను చస్తే ఓరోర్‌కు దిక్కు లేదు. ఆమె ఎవరి కూతురో రుజువు చేసే మనిషి కూడా ఉండడు. పగ సాధించాలంటే తెగించాలి, బిడ్డను కాపాడాలంటే ప్రాణం నిలుపుకోవాలి. నవల అంతటా లగార్దేర్‌ను నలిపేసేది ఈ రెండు కర్తవ్యాల మధ్య పోటీయే.

1717 నాటికి అతను పారిస్ చేరతాడు. అప్పటికి గోంజాగ్ మరో ఎత్తు వేశాడు. నెవేర్ కూతురిని తానే వెతికి తెచ్చానంటూ ఒక జిప్సీ యువతిని బంధువుల సభ ముందు నిలబెట్టాడు. ఫెవాల్ 1816లో బ్రిటనీలోని రెన్ పట్టణంలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి న్యాయవాదిగా మొదలై కొద్దికాలానికే ఆ వృత్తి వదిలేశాడు. అయినా ఆ చదువు వృథా పోలేదు. తండ్రి లేని పిల్లల ఆస్తి, సంరక్షణ విషయాలు బంధువుల సభలో తేల్చే పద్ధతి పాత ఫ్రాన్స్‌లో ఉండేది. 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి కూడా ఆ సభను కొనసాగించింది. కాబట్టి 1857 నాటి పాఠకులకు ఆ సన్నివేశం రాజుల కాలం ముచ్చటేమీ కాదు. తమ ఇళ్లలో, తమ ఊళ్లలో జరిగే వ్యవహారమే.

వీపును బల్లగా అద్దెకిచ్చిన మనిషి

ఇక పేరులోని గూనివాడి సంగతి. శత్రువు ఇంట్లోకి దూరడానికి లగార్దేర్ వేసుకున్న వేషమది. గోంజాగ్ తన మేడ తోటను గదులు గదులుగా చీల్చి షేర్ల వ్యాపారులకు అద్దెకిస్తుంటాడు. చోటు కోసం జనం ఎగబడుతుంటారు. ఆఖరికి కుక్క గూడు మాత్రమే మిగిలితే గూనివాడు దాన్నే అద్దెకు తీసుకుంటాడు. రాయడానికి బల్ల దొరకని బేరగాళ్లకు తన వీపును అద్దెకిచ్చి డబ్బు గడిస్తాడు.

ఇది ఫెవాల్ కల్పనలా కనిపిస్తుంది. కానీ దీనికి మూలం ఆ కాలపు ముచ్చట్లలోనే ఉంది. పారిస్‌లో కాంకంపువా వీధి అనే ఇరుకు సందు ఉంది. ఇప్పటికీ పాంపిడూ కళాకేంద్రం సమీపంలో ఆ వీధి అదే పేరుతో ఉంది. 1719లో ఐరోపాలోకెల్లా జోరుగా షేర్ల బేరాలు నడిచిన చోటు అది. అక్కడ ఒక గూనివాడు ఒప్పంద పత్రాలపై సంతకాలు పెట్టుకోవడానికి తన వీపును అద్దెకిచ్చి పెద్ద మొత్తం కూడబెట్టాడని ఆనాటి కథనాలు చెబుతాయి.

ఆ వెర్రికి మూలపురుషుడు స్కాట్లాండ్ వాడైన జాన్ లా. 14వ లూయీ 1715 సెప్టెంబర్ 1న చనిపోయేనాటికి వరుస యుద్ధాలతో ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. లా 1716లో పారిస్‌లో బ్యాంకు పెట్టి కాగితపు నోట్లు చలామణీలోకి తెచ్చాడు. 1717లో అమెరికాలోని మిసిసిపీ ప్రాంతంలో వ్యాపారానికి కంపెనీ స్థాపించాడు. 1719లో తూర్పు దేశాల వర్తక సంస్థలను కూడా అందులో కలిపేసుకున్నాడు. పన్నుల వసూలు, నాణేల ముద్రణ, చివరకు దేశం అప్పు మొత్తం ఆ కంపెనీ కిందికే వచ్చాయి. 500 లీవ్రుల ముఖవిలువ ఉన్న షేరు ఆ ఏడాది చివరికి 10,000 లీవ్రుల దాకా ఎగబాకింది. 1720 జనవరిలో లా ఆర్థిక మంత్రి అయ్యాడు. డిసెంబర్ నాటికి దేశం విడిచి పారిపోయాడు. 1729లో వెనిస్‌లో కన్నుమూశాడు.

మధ్యలో జరిగిందంతా పతనమే. 1720 జూలై 17న నోట్లకు నాణేలు మార్చుకోవడానికి బ్యాంకు ముందు గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి పలువురు చనిపోయారు. మరుసటి ఏడాది ప్రభుత్వం లెక్కలు తేల్చడానికి పత్రాలు సమర్పించమంటే సుమారు 5 లక్షల మంది ముందుకొచ్చారు. ఈ కాగితాల కోసం నిజంగానే రక్తం ప్రవహించింది. 1720 మార్చి 22న హార్న్ ప్రభువు అనే యువకుడు కాంకంపువా వీధి పక్కనున్న సత్రంలో ఒక షేర్ల వ్యాపారిని పొడిచి చంపి పత్రాలు దోచుకున్నాడు. అతను స్వయానా రీజెంట్‌కు బంధువు. గొప్పింటివాళ్లంతా క్షమాభిక్ష కోరినా రీజెంట్ ఒప్పుకోలేదు. నాలుగు రోజుల తర్వాత బహిరంగంగా, చక్రంపై కట్టి ఎముకలు విరగ్గొట్టే శిక్షతో ఆ ప్రభువును చంపారు. ఉన్నత వంశంలో పుట్టి డబ్బు కోసం చీకట్లో కత్తి దూసే గోంజాగ్‌లు ఆనాడు నవలలోనే లేరన్నమాట.

ఫెవాల్ ఇక్కడ కాలాన్ని కాస్త ముందుకు జరిపాడు. నవల 1717లో జరుగుతుంది. వీధిలో వెర్రి ముదిరింది ఆ తర్వాత రెండేళ్లకు. తోటలో గదులు కట్టి బేరగాళ్లకు అద్దెకివ్వడం కూడా నిజంగా జరిగిందే. 1720లో కారిన్యాన్ ప్రభువు సువాసోన్ భవనం తోటలో గుడిసెలు వేయించి అద్దె దండుకున్నాడు. సీరియల్ రచయిత ఈ రెండు మూడు నిజాలను కలిపి తన ప్రతినాయకుడి ఇంటి ముంగిట పెట్టుకున్నాడు.

ఈ వ్యవహారపు అల మన తీరం దాకా వచ్చింది. లా కంపెనీలో కలిసిపోయిన సంస్థల్లో పుదుచ్చేరి స్థావరం నడిపిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఒకటి. బుడగ పేలిన తర్వాత మిసిసిపీ ఆశలు అడుగంటినా తూర్పు వర్తకం మిగిలింది. గోదావరి పాయ ఒడ్డున యానాంలో ఫ్రెంచివాళ్లు 1723లో వర్తక స్థావరం పెట్టింది ఆ కంపెనీ తరఫునే. జాన్ లా తమ్ముడి కొడుకు జాన్ లా ద లోరిస్తోన్ తర్వాతి కాలంలో పుదుచ్చేరి గవర్నర్ అయ్యాడు. పారిస్ సందులో పుట్టిన ఆ జూదం కథలో యానాం కూడా ఒక చిన్న అధ్యాయమే.

బాలరాజును కాపాడిందెవరు?

నవల బయట, నిజమైన చరిత్రలో కూడా ఆ కాలపు అసలు నాటకం ఒక పసివాడి చుట్టూనే నడిచింది. 1712లో తట్టు సోకి కొద్ది రోజుల్లోనే రాజకుటుంబంలో యువరాజు, అతని భార్య, పెద్ద కొడుకు చనిపోయారు. రెండేళ్ల చిన్న కొడుకుకు కూడా జబ్బు సోకింది. రక్తం తీసే వైద్యంతో మిగతావాళ్ల ప్రాణాలు తోడేసిన వైద్యుల చేతికి అతణ్ని ఇవ్వడానికి వెంటడూర్ అనే సంరక్షకురాలు ఒప్పుకోలేదు. పిల్లవాణ్ని తన దగ్గరే దాచుకుంది. ఆ పిల్లవాడు బతికి 15వ లూయీ అయ్యాడు. కత్తి పట్టకుండానే ఒక స్త్రీ చేసిన ఆ కాపలా ఏ లగార్దేర్ సాహసానికీ తీసిపోదు.

ఆ చావులకు కారణం ఓర్లియాన్ డ్యూకేనని, సింహాసనం కోసం విషం పెట్టించాడని పారిస్ అంతా గుసగుసలాడింది. బాలరాజును కూడా బతకనివ్వడనే అనుకుంది. 1715లో రీజెంట్ అయిన వెంటనే అతను చనిపోయిన రాజు వీలునామాను పార్లమాన్ అనే ఉన్నత న్యాయస్థానంతో పక్కన పెట్టించి అధికారమంతా తన చేతిలోకి తెచ్చుకున్నప్పుడు ఆ అనుమానాలు ఇంకా బలపడ్డాయి. కానీ జరిగింది వేరు. 1723 ఫిబ్రవరిలో 13 ఏళ్లు నిండిన లూయీకి అతను రాజ్యాన్ని భద్రంగా అప్పగించాడు. అదే ఏడాది డిసెంబర్‌లో చనిపోయాడు. జనం డబ్బుకు కాపలాదారుగా అతని రికార్డు ఏమంత గొప్పది కాదు. జాన్ లాను అందలమెక్కించింది అతనే. బాలుడికి సంరక్షకుడిగా మాత్రం మాట తప్పలేదు. ఒకే మనిషి ఒక కాపలాలో నెగ్గి మరో కాపలాలో ఓడిపోవచ్చు. నవలలోని రీజెంట్ కూడా అలాగే ఉంటాడు. న్యాయం చేయాలన్న మనసు ఉంది. తన స్నేహితుడే తన స్నేహితుణ్ని చంపాడన్న నిజం మాత్రం ఏళ్ల తరబడి కంటికి ఆనదు.

రాజ్యం గుడ్డిదైతే న్యాయం మారువేషంలో తిరగాల్సి వస్తుందన్నది ఈ నవల రాజకీయం. 1857 నాటి పాఠకులకు అది అర్థం కాకపోదు. అప్పుడు ఫ్రాన్స్‌లో మూడో నెపోలియన్ చక్రవర్తి పాలన. పత్రికలపై ఆంక్షలు, రైల్వే షేర్ల మోజు, 1852లో పెట్టిన క్రెడిట్ మొబిలియే బ్యాంకు వైభవం. 'లె సియెక్ల్' ప్రభుత్వాన్ని వ్యతిరేకించే రిపబ్లికన్ ధోరణి పత్రిక. రాజకీయ వ్యాసంలో రాయలేని మాటలకు, 140 ఏళ్ల నాటి గూనివాడి కథలో చోటు దొరికింది.

కాలిన కాగితం

కథ ముగింపు కత్తిమీద కంటే కాగితం మీద ఎక్కువ ఆధారపడుతుంది. రీజెంట్ సమక్షంలో లగార్దేర్ ఒక సీలు వేసిన పొట్లం చూపిస్తాడు. చనిపోయే ముందు నెవేర్ హంతకుడి పేరు రాశాడని, అది ఇందులో ఉందని అంటాడు. గోంజాగ్ కంగారుపడి పొట్లాన్ని దీపానికి అంటిస్తాడు. నిజానికి అందులో ఏ పేరూ లేదు. దాన్ని కాల్చడమే గోంజాగ్ ఇచ్చుకున్న వాంగ్మూలమవుతుంది. విలువ లేని కాగితాలు అమ్ముకుని సంపన్నుడైనవాడు, ఏమీ రాయని కాగితానికి భయపడి పట్టుబడ్డాడు. ఆ తర్వాత నెవేర్ వేటు తన చివరి గుర్తు పెడుతుంది.

సీరియల్ ముగిసిన అయిదేళ్లకు, 1862లో, నవల నాటకమై పారిస్ పోర్ట్ సాన్ మార్తాన్ రంగస్థలానికెక్కింది. తర్వాత వెండితెర అందుకుంది. 1944లో జాన్ దెలన్వా, 1959లో ఆంద్రె యునెబెల్ తీసిన చిత్రాలు వచ్చాయి. రెండో దానిలో జాన్ మారె లగార్దేర్‌గా, హాస్యనటుడు బూర్విల్ అతని సహచరుడిగా నటించారు. అది ఆ తరానికి మరపురాని వినోదం. 1997లో ఫిలిప్ ద బ్రోకా దానియెల్ ఓతెయ్‌తో మళ్లీ తీశాడు. గోంజాగ్‌గా ఫాబ్రిస్ లూచిని, నెవేర్‌గా వాన్సాన్ పెరెజ్, రీజెంట్‌గా ఫిలిప్ నువారె కనిపిస్తారు. ఇందులో లగార్దేర్ పాపను ఒక ఇటాలియన్ సంచార నాటక బృందంలో పెంచుతాడు. ఓరోర్ పాత్రధారి మరీ జిలాన్ గదిలో కూర్చుని ఎదురుచూసే రకం కాదు. తనూ కత్తి పడుతుంది.

ఈ సినిమాతోనే నవలలోని చిక్కుముడి కూడా బయటపడింది. చివరకు లగార్దేర్, ఓరోర్ ఒకటవుతారు. పెంచినవాడే వరుడవుతాడు. విడుదలనాటికి ఓతెయ్ వయసు 47, జిలాన్ వయసు 22. పుస్తకంలో పాఠకుడి ఊహకు వదిలేసిన తేడా తెరపై దాగదు. పైగా సినిమాలో ఓరోర్ అతణ్ని తండ్రిగా భావిస్తూ పెరిగింది. నవలలో అలా కాదు. అతను తండ్రి కాడని ఆమెకు తెలుసు. చూడని తల్లికి రాసుకునే మాటల్లో అతనిపై ఇష్టం దాచుకోదు. అయినా ఇబ్బంది పూర్తిగా పోదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఒకే మనిషి నీడలో పెరిగిన పిల్ల అతణ్నే కోరుకుంటే, ఆ కోరిక ఎంతవరకు ఆమెది?

ఈ ప్రశ్న ఫెవాల్‌కు తట్టలేదని అనుకోలేం. ఎందుకంటే లగార్దేర్‌ను అతను తేలిగ్గా వదిలిపెట్టలేదు. ఓరోర్‌ను తల్లికి అప్పగించాల్సిన వేళ వచ్చినప్పుడు, తను ఆమెను ప్రేమిస్తున్నాడన్న సంగతి లగార్దేర్‌కు తెలిసొస్తుంది. తల్లికి అతనిపై అనుమానం. 18 ఏళ్లు తన బిడ్డను తనకు దూరం చేసినవాడు ఇప్పుడు అల్లుడు కావాలంటున్నాడు. ఆస్తి కోసం కాదని ఏమిటి నమ్మకం? గోంజాగ్ కూడా పెళ్లి దారినే కదా ఆ ఇంట్లో అడుగుపెట్టింది! పైకి చూస్తే ఇద్దరూ కోరేది ఒకటే: నెవేర్ ఇంటి ఆడపిల్ల, దాంతోపాటు నెవేర్ ఆస్తి.

ఇద్దరికీ మధ్య ఫెవాల్ గీసిన గీత అప్పగింత. గోంజాగ్ తన చేతికి వచ్చినదేదీ తిరిగి ఇవ్వలేదు. లెక్క చెప్పమని అడిగేవాళ్లను చంపించాడు. లగార్దేర్ బిడ్డను, పుట్టుకకు రుజువును, వంశం పేరును తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆ తర్వాతే తన మాట. అది కూడా తల్లీకూతుళ్ల నిర్ణయానికి వదిలేసి. గూనివాడి వేషంలో గోంజాగ్ కళ్ల ముందే ఓరోర్‌తో పెళ్లి ఒప్పందం రాయించుకునే సన్నివేశంలో, అతను కింద పెట్టేది దొంగపేరు కాదు, తన అసలు సంతకం. అంతమంది మారువేషగాళ్ల మధ్య నిజం పేరు రాసినవాడు ఒక్క వేషధారే.

ఇది ఈనాటి పాఠకుడికి సరిపోతుందా? అందరికీ సరిపోదు. సంరక్షకుడు ఎంత మంచివాడైనా అతని మంచితనమే రక్షణగా మిగిలే చోట పిల్లకు అసలైన రక్షణ లేనట్టే. అందుకే ఆధునిక చట్టాలు సంరక్షకుడి మనసును నమ్మవు. అతని లెక్కలు అడుగుతాయి. నవలలో ఆ లెక్కలు అడగాల్సిన బంధువుల సభను గోంజాగ్ తన చెప్పుచేతల్లో పెట్టుకున్నాడు. అడగాల్సిన రాజ్యం షేర్ల వేటలో పడింది. ఓరోర్ అదృష్టం బాగుండి ఆ రాత్రి కిటికీ కింద నిలబడినవాడు లగార్దేర్ అయ్యాడు. ఆ స్థానంలో మరొకరుంటే కథ వేరేగా ఉండేది.

రచయిత జీవితం కూడా ఈ కథకు ఒక చేదు అనుబంధాన్ని చేర్చింది. షేర్ల మాయను అంత చక్కగా ఎండగట్టిన ఫెవాల్, రచనలపై సంపాదించినదంతా దాదాపుగా పెట్టుబడుల్లోనే పోగొట్టుకున్నాడు. 1875లో ఒట్టోమన్ సామ్రాజ్యం అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన దెబ్బకు ఆరిపోయినవాళ్లలో అతనొకడు. మరుసటి ఏడాది నుంచి దైవభక్తిలో పడి, తన పాత నవలలను మతానికి అనుగుణంగా తిరగరాయడంలో మునిగిపోయాడు. 1887లో కన్నుమూశాడు. తర్వాత అదే పేరున్న కొడుకు పాల్ ఫెవాల్ కలం పట్టి లగార్దేర్ కథకు ముందు భాగాలు, కొనసాగింపులు రాస్తూ పోయాడు. బ్యాంకులో తండ్రి దాచిన డబ్బు మిగల్లేదు. కందకంలో బిడ్డను ఎత్తుకున్న కుర్రవాడు మాత్రం వారసత్వంగా దక్కాడు.